గాలిమనిషి నవ్వు

ముక్కు రంధ్రాలు రెండూ తప్ప ఆమె ముఖమంతా పూడ్చేశారు. జుట్టు మీద రబ్బరు టోపీ బిగించి, కనుబొమ్మలకు వాజలీను మెత్తి, ఆ పైన నీలంరంగు జావను గరిటెతో పోస్తూ బ్రష్షుతో సర్దుకుంటూ వచ్చింది మూసలు తీసే అమ్మాయి. ముందు నుదురు పోయింది. తర్వాత కళ్లు పోయాయి, వాటితో పాటే గది పోయింది, కిటికీ, కిటికీలోంచి కనపడే కార్లు, గోడకు వరసగా తగిలించిన ప్లాస్టరు తలకాయలు, అన్నీ పోయాయి. చివరికి పెదాలు పోయాయి. పది గంటల ఎండలో ఆమె కళ్లు ఆఖరుసారి చూసింది టేబులు మీది కాగితాన్ని. ఎగిరిపోకుండా దాని మీద కత్తెర పెట్టారు. "సంతకం తర్వాత పెడతాను, ముందు ముఖం సంగతి కానివ్వండి" అని పొద్దున ప్రొడక్షన్ మేనేజరుతో అంది. "మీ ఇష్టం అక్కా, కాగితం ఎక్కడికీ పోదు" అన్నాడతను, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ. నిజమే, కాగితం ఎక్కడికీ పోదు. పోయేవి మనుషులే.

"వింటున్నారా అమ్మా? చెవి దగ్గర చిన్న సందు వదిలాను. భయమేస్తే అరచెయ్యి తెరవండి, మరుక్షణం పీకేస్తా. బాగుంటే బొటనవేలు చూపించండి. ఏమన్నా చెప్పాలంటే ఒళ్లో పలక ఉంది, చేతిలో పెన్ను ఉంది. ఇది నిదానంగా బిగిసే రకం, అరగంట పడుతుంది. బిగిసే ముందు నేను చెప్తా, అప్పుడు నవ్వాలి. కుడివైపు మాత్రమే. రెండు నిమిషాలు పట్టి ఉంచితే చాలు." ఆమె బొటనవేలు ఎత్తింది. కుడివైపు మాత్రమే. ఎంత తేలిగ్గా చెప్పింది, కుళాయి తిప్పినట్టు. కుడివైపు తిప్పితే నవ్వు, ఎడమవైపు తిప్పినా ఏమీ రాదు, ఎడమ దవడలో ఎముకకు బదులు ఇనప రేకుంది.

చల్లగా ఉంది జావ. ముప్పై ఒక్కేళ్ల కిందటిది వెచ్చగా ఉండేది. అప్పుడు ఇంత సుకుమారపు సరుకు లేదు, నేరుగా ప్లాస్టరే, ముక్కులో రెండు గొట్టాలు, అది బిగిసేకొద్దీ వేడెక్కి చెంపలు కాలేవి. ఆమెకు ఇరవై రెండేళ్లు, నలభై నాలుగు కిలోలు. సినిమాలో గాలిమనిషి వేషం వేసే హీరోకి తొంభై కిలోలు, పైగా మూసిన గదిలో కూచుంటే ఊపిరాడదు, ఎత్తుకెక్కితే కళ్లు తిరుగుతాయి. ఊరందరినీ కాపాడే మనిషి స్టూలెక్కి బల్బు మార్చలేడు. ఎగరడమంతా ఆమే ఎగరాలి, భుజాలకు దూది కట్టుకుని, ఛాతీకి స్పాంజి పెట్టుకుని. ఎగిరేది ఎవరైతే మాస్కు వాళ్ల ముఖానికే అతుక్కోవాలి, లేకపోతే గాలికి ఊగుతుంది. అందుకని మాస్కుకు మూస ఆమె ముఖం మీదే తీశారు. ఇంతకంటే రహస్యమేమీ లేదు. ఎవరూ దాచలేదు, ఎవరూ చెప్పనూ లేదు. అడిగినవాడు లేడు, అంతే. సినిమా ఆడింది, ప్లాస్టిక్ మాస్కులు లారీల్లో దిగాయి. ఒకసారి ఐస్‌క్రీము బండి దగ్గర ఆరేళ్ల పిల్ల ఒకతె మాస్కు వెనక్కి తిప్పుకుని నిలబడింది. ఆ పిల్ల వీపు మీద నుంచి తన ముఖం తనను చూసి నవ్వింది. వెనక లైన్లో నిలబడ్డ ఆమెను, "జరగండమ్మా, దారికడ్డం" అంది ఆ పిల్ల తల్లి. జరిగింది.

ఆ నవ్వే ఇప్పుడు కావాలి వీళ్లకు. కొత్త కంపెనీ, కొత్త హీరో, కథ మళ్లీ మొదటినుంచి, గాలిమనిషి ఎలా పుట్టాడు, ఎందుకు పుట్టాడు, ఎవరి కోసం పుట్టాడు. పాత మూస ఎప్పుడో పగిలి చెత్తలో పోయింది కాబట్టి పాత ఫొటోలు చూసి మెషినుతో కొత్త మాస్కు చెక్కించారు. పోస్టరు వదిలారు. జనం ఉతికి ఆరేశారు. ఇది మా గాలిమనిషి కాదు, ఆ నవ్వేదీ, చావును చూసి వెక్కిరించే ఆ సగం నవ్వేదీ అని. చావును చూసి వెక్కిరించడమట. పుస్తకాలు రాసినవాళ్లు కూడా రాశారు, ఆ పెదవి కొసలో తిరుగుబాటు ఉందని, ఒక తరం కోపం ఉందని. చదివి ఆమె ఆ పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి ఊగే కుర్చీ కాలి కింద దోపింది. చివరికి ఈ మూసలు తీసే అమ్మాయే పాత మాస్టరు నోటుపుస్తకం ఎక్కడో సంపాదించి, అందులో 'ఎగిరే పిల్ల ముఖం, కుడి మూల పాడయింది, డైరెక్టరు ఉంచమన్నారు' అన్న ముక్క చూసి, ఫోన్ల మీద ఫోన్లు చేసి ఆమెను పట్టుకుంది. మొదట ముఖం కొలిచే మెషిను ముందు కూచోబెట్టారు. నవ్వమన్నారు, నవ్వింది. స్క్రీన్ మీద చూసి ఆ అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పింది, "ఇది నవ్వు కాదమ్మా, పంటి నొప్పి." ఆ మాటకే ఆ పిల్ల నచ్చింది ఆమెకు. "అప్పుడెందుకు నవ్వారో అది గుర్తు తెచ్చుకోండి. నేను చేత్తో తీస్తాను. గీతలు, ముడతలు నేను సరిచేసుకుంటా, నాకు ఆ మూల ఒక్కటి చాలు" అంది. "మా అన్న ఏదో అన్నాడు" అంది ఆమె. "ఏమన్నారు?" గుర్తు లేదు. ముప్పై ఒక్కేళ్లు. గుర్తు లేదు అంటే ఆ అమ్మాయి నమ్మలేదు, కానీ అది నిజం.

ఏమన్నాడు? గది గుర్తుంది, పాత మాస్టరు బనీను మీది మరకలు గుర్తున్నాయి, ఆయన ప్లాస్టరును కలుపుతూ దాన్ని తిట్టడం గుర్తుంది. అన్న పక్కన ముక్కాలిపీట మీద కూచుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వాడి అరచెయ్యి అప్పటికే తాళ్లు పట్టి పట్టి కాయలు కాసి చెప్పు అడుగులా ఉండేది. ఆమెను పిట్ట అనేవాడు. అమ్మ పెట్టిన పేరుతో ఎప్పుడూ పిలవలేదు. సెట్లో కూడా పిట్టే, కాల్షీట్లో కూడా ఎవడో పిట్ట అని రాశాడు. వాడు కింద తాడు పడితే పిట్ట పైన ఎగిరేది. ఎగిరే ముందు కిందనుంచి రెండుసార్లు లాగేవాడు, ఉన్నావా అని. ఆమె పైనుంచి ఒకసారి లాగేది, ఉన్నాను అని. మైకులు, ఈలలు, జెండాలు అన్నీ ఉండేవి, అవేవీ వాళ్లకు పట్టేవి కావు. రెండు లాగులు, ఒక లాగు. ఈ ముప్పై ఏళ్లలో ఉన్నావా అని ఎవరూ లాగలేదు. ఉద్యోగాలు చేసింది, ఈత కొలనులో పిల్లలకు నేర్పింది, ఒక జిమ్ములో తువ్వాళ్లు అందించింది, రెండేళ్లు ఒక మనిషితో కలిసి ఉంది, అతను వెళ్లిపోయాడు, గొడవ కూడా పడకుండా, సిమ్ము మార్చినంత సులువుగా. గది తాళం తీసేటప్పుడు లోపల ఎవరూ లేరని తెలిసి కూడా చెప్పులు చప్పుడు చేస్తూ విడవడం అలవాటయింది. ఆ చప్పుడుకు తనే తలెత్తి చూసుకుంటుంది.

జావ కొంచెం బరువెక్కింది. ముక్కుల్లోంచి ఊపిరి ఈలలా వెళ్తోంది. కాగితంలో మూడు పేరాలున్నాయి. మొదటిది, ఆమె ముఖాన్ని వాడుకోవచ్చని. రెండోది, సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు ఆమె పేరు కూడా పడుతుందని, విడిగా, ఒక్కటే, 'తొలి గాలిమనిషి' అని. ఆ పేరా పొద్దున నాలుగుసార్లు చదివింది, ఐదోసారి చదవలేక తల తిప్పుకుంది, కళ్లు మసకేస్తున్నాయని. మూడోది, పాత సినిమాల మీద ఒక చిన్న సినిమా తీస్తున్నారట, కొత్తదానికి ముందు వదలడానికి. రెండో భాగం షూటింగులో ఆమె పడిపోయిన సంగతి అందులో వస్తుంది. ఆ ప్రమాదం తాడు పట్టిన కార్మికుడి అజాగ్రత్త వల్ల జరిగిందని తాను అప్పట్లో రాసిచ్చిన మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నట్టు సంతకం. కార్మికుడు. పేరు లేదు. అన్న అని లేదు. ఆ మూడో పేరా ఒక్కసారే చదివింది. ఒక్కసారికే గుర్తుండిపోయింది, అది అప్పటి పేరానే, టైపు మారింది.

తలుపు చప్పుడు. బూట్లు. మేనేజరు సెంటు వాసన జావలోంచి కూడా వచ్చింది. "ఎంతవరకు వచ్చింది?"

"ఇంకో పది నిమిషాలు. మాట్లాడించకండి సార్, దవడ కదిలితే పోతుంది."

"నేనే మాట్లాడతా, ఆవిడ వింటే చాలు. అక్కా, ఆ చిన్న సినిమావాళ్లు ఫోను చేశారు. మీ భాగం భలే వస్తోందట. తాడువాడు చేతులెత్తేశాడు, అయినా అమ్మాయి బతికొచ్చింది, అక్కడ మ్యూజిక్. ఏడుస్తారక్కా జనం. వాళ్లకు ఊఁ అని చెప్పెయ్యనా? సంతకం తీరిగ్గా పెట్టండి. ఒక్క వేలు చూపించండి చాలు."

చేతులెత్తేశాడు. ఆ చేతులు ఆమెకు తెలుసు. నాలుగోసారి ఎగిరి దిగి ఆమె మళ్లీ మేడ అంచుకు ఎక్కాక అన్న తాడును వేళ్ల మధ్య పోనిస్తూ చూశాడు, కప్పీలో నలిగే చోట ఆగాడు, "ఇవాళ్టికి చాలు. పోగులు లేచాయి, మార్చాలి" అన్నాడు. డైరెక్టరు ఎండ వంక చూశాడు. ఎండ పోతోంది. ఎవరూ ఏమీ అనలేదు, అదే వాళ్ల పద్ధతి, ఎవరూ ఏమీ అనకుండా అందరూ ఒకణ్ణి చూస్తారు. అప్పుడు అంచు మీద నిలబడ్డ పిట్ట పైనుంచి అరిచింది, "ఇంకొక్కసారి ఎగురుతా, తియ్యండి" అని. ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. కింద జనం మూగారు, ఆవేళ వంద మంది చూస్తున్నారు, మాస్కు వెనక ఎవరున్నారో తెలియకపోయినా చూస్తున్నారు, ఆ చూపు చాలు అనుకుంది. అన్న తలెత్తి, "పిట్టా, దిగు" అన్నాడు. "నువ్వు పట్టకపోతే ఇంకొకడు పడతాడు" అంది. ఆ మాట అన్నది ఈ నోరే. ఈ జావ కింద ఉన్న నోరే. వాడు పట్టాడు. ఇంకొకడు పడితే ఎలా పడతాడో వాడికి తెలుసు కాబట్టి పట్టాడు. రెండుసార్లు లాగాడు. ఆమె ఒకసారి లాగింది. తర్వాత ఎగిరింది, తర్వాత పైన ఏదో ఫట్టుమంది, తాడు సగం పోగులు తెగి జారింది, మిగిలిన సగాన్ని వాడు వదల్లేదు, ఐదంతస్తులు పడాల్సిన మనిషి రెండంతస్తులే పడింది. వాడి అరచేతుల తోలు తాడుకు అతుక్కుని వెళ్లిపోయిందని తర్వాత నర్సు చెప్పింది. చేతులెత్తేశాడట.

ఆసుపత్రిలో దవడకు తీగలు చుట్టి నోరు కట్టేశారు. ఇలాగే, మాట లేదు, చెయ్యి ఒక్కటే ఉంది. కంపెనీ మనిషి మంచం పక్కన కూచుని అరటిపండు ఒలుచుకుంటూ, "కంపెనీది తప్పయితే కేసు, కేసయితే ఇక్కడ నిన్ను చూసేదెవరు? మీ అన్నకేముంది, నాలుగు రోజులు ఇంట్లో కూచుంటాడు, మళ్లీ పిలుస్తాం" అన్నాడు. పెన్ను చేతిలో పెట్టాడు. ఆమె సంతకం పెట్టింది. నొప్పి వల్ల కాదు. మత్తు వల్ల కాదు. తెలిసే పెట్టింది, భయపడి పెట్టింది. మర్నాడు అన్న వచ్చాడు, రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. మంచం దగ్గర నిలబడి ఆమె ముఖం వంక చూడలేదు. దుప్పటి మీది ఆమె కుడిచేతి వంక చూశాడు. "చెయ్యి బాగానే ఉందన్నమాట" అన్నాడు. వెళ్లిపోయాడు. నాలుగు రోజులు కాదు, మళ్లీ ఏ సెట్లోనూ వాణ్ణి ఎవరూ తాడు ముట్టుకోనివ్వలేదు, సొంత చెల్లెలే రాసిచ్చాక ఎవరు నమ్ముతారు. ఏదో గోడౌన్లో పెట్టెలు మోస్తాడని విన్నది. ఆరేళ్ల కింద అమ్మ పోయినప్పుడు వచ్చాడు. అందరితో మాట్లాడాడు, కరెంటు మనిషితో కూడా మాట్లాడాడు. ఆమె వాడి కాళ్ల వంకే చూస్తూ కూచుంది. లేసులు లేని బూట్లు. వేళ్లు వంగక ముడి పడదో, తాడు లాంటిదేదీ ముట్టుకోకూడదనుకున్నాడో తెలియదు. అడగలేదు. ఆ రోజు ఎవరో రాసిచ్చిన వాడి నంబరు ఫోనులో ఉంది, అన్న అని కూడా రాసుకోలేదు, 'అ' అని రాసుకుంది.

"అక్కా, వేలు" అన్నాడు మేనేజరు.

చెయ్యి కదల్లేదు.

"నిద్రపోయారేమో" అన్నాడు.

"నిద్ర కాదు సార్, మీరు జరగండి. అమ్మా, ఇప్పుడు. బిగుస్తోంది. రెండే నిమిషాలు. గుర్తు తెచ్చుకోండి, ఆయన ఏమన్నారో, ఎలా అన్నారో, ఏదో ఒకటి. కుడి మూల."

గుర్తు తెచ్చుకోమంటే వస్తుందా. రాదు. నల్లగా, నీలంగా, చెవిలో ఊపిరి చప్పుడు. దవడ బిగుస్తోంది, పెదాలు బిగుస్తున్నాయి, నోరు మూసుకుపోతోంది, మూయించేస్తున్నారు, మళ్లీ, మంచి పిండి, ఎంత బాగా మూస్తుంది నోరు, అనుకుంది. అంతే. వచ్చేసింది. వెతికినన్నాళ్లూ దొరకనిది పక్కనే కూచుని ఉన్నట్టు వచ్చేసింది, వాడి గొంతుతో సహా. పాత మాస్టరు వేలెత్తి, "పిల్లా, ఇరవై నిమిషాలు నోరు కదపకూడదు" అన్నాడు. ముక్కాలిపీట మీద నుంచి అన్న ఎంతో వినయంగా, ఆసుపత్రిలో డాక్టరును అడిగినట్టు అడిగాడు, "సార్, ఈ పిండి ఒక బస్తా మా అమ్మకు ఇప్పించండి. ఈ పిల్ల పుట్టినప్పట్నుంచి అమ్మ ఇలాంటి దాని కోసమే తిరుగుతోంది." ప్లాస్టరు కింద ఆమె పగలబడబోయి ఆపుకుంది, ఆపుకున్నంత మేరా ఆగి, ఆగని కాస్త కుడి మూలలోంచి తప్పించుకుంది. మాస్టరు పాడైందని నెత్తి కొట్టుకున్నాడు. డైరెక్టరు వచ్చి చూసి ఉంచమన్నాడు. అదీ ఆ తిరుగుబాటు. అదీ ఒక తరం కోపం. రోజంతా వాగే చెల్లెలి మీద అన్న వేసిన జోకు.

ఇప్పుడు కూడా మూల లేస్తోంది. తనంతట అదే లేస్తోంది, ముప్పై ఒక్కేళ్లు ఆగిన నవ్వు, పొట్టలోంచి, పక్కటెముకల్లోంచి తన్నుకొస్తోంది. "వస్తోంది, వస్తోంది" అంటోంది ఆ అమ్మాయి గుసగుసగా, ప్రాణం పెట్టి పని చేసే పిల్ల, దానికి అన్యాయం చెయ్యాలని లేదు. కానీ ఈ నవ్వు ఎవరిది? వాడు నవ్వించాడు, అది వాడిది. వాడి తోలు తాడుకు అంటించుకున్నారు, వాడి పేరు చెత్తలో వేశారు, ఇప్పుడు వాడు తెప్పించిన నవ్వును కోసుకుపోయి కొత్తవాడి మూతికి అతికించుకుంటారు, పక్కనే మ్యూజిక్ పెట్టి వాడు చేతులెత్తేశాడని చెప్తారు. దానికి ఆమె వేలెత్తాలి. ఆమె నాలుకను పళ్ల వెనక నొక్కింది. ఇనప రేకు దగ్గర నొప్పి సలిపింది, నొప్పిని పట్టుకుంది, దాన్ని పట్టుకుని మూలను కిందికి లాగింది. నవ్వాపుకోవడం ఇంత కష్టమని ఎవరైనా చెబితే నమ్మేది కాదు. ఊపిరి ముక్కులో బుసకొట్టింది. పెదాలు గీత గీసినట్టు నిలబడ్డాయి. కుడిచెయ్యి పలకను తడిమింది, పెన్ను మూత బొటనవేలితో తోసింది.

కళ్లు లేకుండా రాయడం. ఒక లైను మీద ఇంకో లైను ఎక్కకుండా ఎడమచేతి వేలు అడ్డం పెట్టుకుంటూ, గీతగీతకూ నొక్కుతూ రాసింది. రాసి పలకను పైకెత్తింది. ఆ అమ్మాయి పైకి చదివింది, స్కూల్లో చదివినట్టు, ఒక్కో మాటా విడదీస్తూ. "తాడు పోయిందని అన్న ముందే చెప్పాడు. ఇంకోసారి ఎగురుతానన్నది నేను. పట్టి బతికించాడు. అప్పటి సంతకం అబద్ధం. ఇది మీ సినిమాలో చెప్పండి, వాడి పేరు నా పక్కన వెయ్యండి. అప్పుడు నవ్వుతా." కింద సంతకం కూడా ఉంది. ఆ చెయ్యి, బాగానే ఉన్న చెయ్యి.

"ఇదేమిటక్కా" అన్నాడు మేనేజరు. "ముప్పై ఏళ్ల సంగతి ఇప్పుడెవడికి కావాలి? ఆయనకే గుర్తుండదు."

"సార్, బిగిసిపోయింది" అంది ఆ అమ్మాయి.

జావ మీద ప్లాస్టరు పీలికలు చుట్టి, ఆరబెట్టి, వెనకనుంచి కోసి, ఊడదీశారు. ముఖం మీద నుంచి జావ ఊడే చప్పుడు ముద్దు పెట్టినట్టుంటుంది. వెలుతురు కళ్లలో గుచ్చింది. ఆ అమ్మాయి మూసను తిప్పి లోపలికి చూసింది, ఆమె కూడా వంగి చూసింది. గుంటలో ఒక ముసలావిడ ముఖం, అలసిన ముఖం, నోరు గట్టిగా మూసుకుని ఉంది. ఎవరి పోస్టరుకూ పనికిరాదు. "వచ్చింది కదమ్మా, నేను చూశాను, మీరే ఆపేశారు" అంది అమ్మాయి. కోపంగా కాదు. పలకను టేబులు మీద కాగితానికి పక్కగా, చెరగకుండా నిలబెట్టి, దాన్ని ఫోనుతో ఫొటో తీసుకుంది.

"లాయరును అడగాలి" అన్నాడు మేనేజరు, తాళాలు తిప్పడం మానేసి. "పైవాళ్లతో మాట్లాడాలి. అవుతుందని చెప్పలేను. అసలు మిమ్మల్నే వద్దనొచ్చు, పేరూ గీరూ అన్నీ పోతాయక్కా."

"పోతే పోనీ" అంది ఆమె. నోరు కదుపుతుంటే చెంపల నుంచి నీలం పొరలు రాలాయి. "నవ్వు ఎక్కడికీ పోదు."

వాష్‌బేసిను ఉన్న గది చిన్నది, ఒక్క మనిషే పడుతుంది. తలుపు గడియ వేసుకుని అద్దంలో చూసుకుంది. కనుబొమ్మల్లో, చెవుల్లో నీలం ముక్కలు. ఇప్పుడు నవ్వొచ్చు, ఎవరూ లేరు, గరిటె లేదు, బ్రష్షు లేదు. నవ్వింది. కుడి మూల లేచింది, అచ్చంగా అదే, పిల్లల వీపుల మీద చూసిందే. చూడ్డానికి అద్దం తప్ప ఎవరూ లేరు. కుళాయి కట్టేసి, ఫోను తీసి, 'అ' దగ్గర వేలు పెట్టింది. వేలు తీసింది. మళ్లీ పెట్టింది. ఐదుసార్లు మోగింది. వెనక ఏవో పెట్టెలు దించుతున్న చప్పుడు, తర్వాత దగ్గు.

"ఎవరు?"

"నేను" అంది. "పిట్టను."

పెట్టెల చప్పుడు దూరమైంది. మనిషి పక్కకు వచ్చినట్టున్నాడు. ఏం చెప్పాలో ముప్పై ఏళ్లుగా ఎన్ని రకాలుగానో అనుకుంది, క్షమించు అనడం, ఏడవడం, అన్నీ. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆ పిండి మళ్లీ పూశారు అన్నా, ఇవాళ" అంది. "అమ్మకు ఒక బస్తా అడిగావే, అది. చాలా మంచి సరుకు. కానీ ఈసారి పని చెయ్యలేదు."

చెవి దగ్గర నీలం ముక్క ఒకటి ఊడి బేసిన్లో పడింది. ఆమె ఊపిరి బిగబట్టి నిలబడింది, అంచు మీద నిలబడ్డట్టు. అటు మనిషి ఫోను పెట్టెయ్యలేదు.